మూడు వేళ్ళు

అందరూ ముందు ముఖం చూస్తారు.
నేను మెడ చూస్తాను.
సి.క్యాంపు నుంచి పెద్దాసుపత్రికి ఆటోలో పోతూ
అద్దంలో డ్రైవరును కొలుస్తాను:
పొట్టి మెడ, గుబురు గడ్డం, మాస్కు అంటుకోదు.
రాజ్‌విహార్ దగ్గర ఎక్కిన పెద్దాయనకు పళ్ళు లేవు,
లోపలికి పోయిన బుగ్గల పక్కనుంచి గాలి కారిపోతుంది.
ఎదురు సీటు టీచరమ్మ చక్కగా నవ్వితే
ముందుపళ్ళు ఎత్తు అన్నదే గుర్తుంటుంది నాకు.
మత్తు డాక్టర్లందరికీ ఉండే జబ్బే ఇది.
ఒప్పుకోరు.

చదువులో నేర్పిన లెక్క వేళ్ళది.
తెరిచిన నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి,
గడ్డం కింద మూడు, ఆ కింద రెండు.
పట్టకపోతే భయపడమ్మా, అనేవారు మా ప్రొఫెసరు,
భయం కూడా ఒక పరికరమే, ట్రేలో పెట్టుకో.

రాత్రి రెండున్నరకు ఆదోని నుంచి నూట ఎనిమిది.
దూదేకుల కాశింవలి, నలభై ఆరేళ్ళు.
తాత వీధివీధీ తిరిగి పరుపులకు దూది ఏకినాడు.
ఇతను జిన్నింగు మిల్లులో
ఇరవై ఏళ్ళు ఆ దూదినే పీల్చాడు.
ఇప్పుడు రెండు వైపులా న్యుమోనియా.
పడుకోబెడితే మునిగిపోతున్నవాడిలా లేచి కూర్చుంటాడు.
వేలికి పెట్టిన క్లిప్పు డెబ్బై తొమ్మిది అంటోంది.
అంకె పడేకొద్దీ దాని కూత
మెట్టు మెట్టు కిందికి దిగుతుంది,
తెర చూడక్కర్లేదు.
బీపీ తొంభై. పొట్టలో ఎమ్మిగనూరు దాటాక తాగిన టీ, బన్ను.
నోరు తెరవమన్నాను.
నా చూపుడువేలు పట్టింది.
ఒక్కటే.

హౌస్‌సర్జన్ సిరంజిలోకి మందు లాగి నా వైపు చూస్తున్నాడు.
నొప్పికో వణుకుకో బిగిసిన దవడైతే
ఆ మందుకు వదులవుతుంది.
కాకపోతే
ఆయన ఊపిరి ఆపేసి, నా గొట్టానికి దారి లేక,
ఇద్దరం ఆ కూత వింటూ నిలబడాలి.

ఎప్పట్నుంచి ఇట్లా? అని అరిచాను, ఎవర్నో తెలీకుండానే.
తెర వెనకనుంచి హుసేన్‌బీ:
"నాలుగేండ్లాయ మేడం. పెద్ద ముద్ద పట్టదు.
రొట్టె పులుసులో నానేసి
చిన్నచిన్నగా జేసి పెడ్తాండా.
పైపన్ను ఒగటి కట్టుడుది, చూసుకోండి."

నాలుగేళ్ళు.
అంటే గుట్కా లోపల్నుంచి కుట్టేసిన నోరు.
ఏ మందుకూ ఆ కుట్టు ఊడదు.
సిరంజి పక్కన పెట్టెయ్, అన్నాను.
ఈఎన్‌టీ వాళ్ళను కత్తితో వచ్చి నిలబడమన్నాను.
కట్టుడుపన్ను తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉంచి,
ముక్కుకు మొద్దుబారే మందు రాసి,
గొట్టం లోపలికి జరుపుతూ
బయటి కొసకు నా చెవి ఆనించాను.
కళ్ళతో కాదు, ఆయన ఊపిరి చప్పుడే దారి.
చప్పుడు పెరిగితే ముందుకి,
తగ్గితే వెనక్కి.
మొదటిసారి అన్నవాహికలోకి పోయింది.
రెండోసారి రక్తం.
మూడోసారి గాలి నా చెవిలోకి కొట్టింది,
వేడిగా, బెల్లం కుళ్ళినట్టున్న వాసనతో.
గొట్టం గోడకు మంచు పట్టింది.
కూత మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది.
ఆ తర్వాత నాకు కాళ్ళు వణికాయి, అంతకుముందు కాదు.

కేసు షీట్లో రాశాను: నోరు తెరుచుకోవడం, ఒక వేలు.
ముద్ద సైజుకు గడి లేదు.
మార్జిన్లో రాశాను,
పొద్దున రౌండ్సులో ఎవరూ చదవలేదు.

పన్నెండో రోజు గొట్టం తీశాం.
పద్నాలుగో రోజు వార్డు మీదుగా పోతుంటే
టిఫిన్ మూతలో హుసేన్‌బీ అన్నం పిసుకుతోంది.
రేగుపండంత ముద్ద.
ఆయన దాన్ని పెదాలతో అందుకుని
చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.
ఆ ముద్ద పక్కన నా వేలు పెట్టి కొలవాలనిపించింది.
పెట్టలేదు.
మంచం కమ్మీకి వేలాడే ఆయన చొక్కా జేబులో
సగం వాడిన ప్యాకెట్టు ఇంకా ఉంది.
ఆమె చూసింది. నేనూ చూశాను.